ల్యాబ్‌లో ముప్పై సిస్టమ్‌లకు లినక్స్ ఎక్కించాలి: కిక్‌స్టార్టా, ప్రీసీడా, ఆటోఇన్‌స్టాలా, క్లోనెజిల్లానా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో, కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాళ్లకు ఇప్పుడు ఒకటే తలనొప్పి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఉన్న సిస్టమ్‌లేమో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ లేనివి, కొత్తవి కొందామంటే బడ్జెట్ లేదు, కాబట్టి లినక్స్‌కు మారాలి. మారడం మంచిదే, నేను మనస్ఫూర్తిగా మారమనే చెప్తాను. కానీ ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని భాష, కీబోర్డ్, టైమ్‌జోన్, పార్టిషన్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అని ముప్పై సార్లు అవే జవాబులు కొట్టడం, మధ్యలో ల్యాబ్ అసిస్టెంట్ "సార్, ఇక్కడ మళ్లా నెక్స్ట్ నొక్కాల్నా?" అని అడగడం, ఇదంతా అయ్యాక చూస్తే ఏ రెండు సిస్టమ్‌లూ ఒకేలా లేకపోవడం, ఈ బాధ ఎవరికీ అక్కర్లేదు. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే ఒక ఫైలులో రాసి పెట్టేస్తే అది తనంతట తానే ఎక్కించుకునే ఏర్పాటు లినక్స్‌లో ఎప్పటినుంచో ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి జవాబుల ఫైలు పద్ధతి: కిక్‌స్టార్ట్, ప్రీసీడ్, ఆటోఇన్‌స్టాల్ ఇవన్నీ ఇదే కోవ. రెండోది ఒక సిస్టమ్‌ను పూర్తిగా తయారుచేసి దాని డిస్క్‌ను యథాతథంగా కాపీ తీసి మిగతావాటికి దించడం, అదే క్లోనెజిల్లా చేసే పని. జవాబుల ఫైలు అంటే పెళ్లి వంట మేస్త్రీకి రాసిచ్చే సామాన్ల చిట్టా లాంటిది, ఎవరు చదివినా ఏం కావాలో తెలుస్తుంది, వచ్చే ఏడాది రెండు వస్తువులు మార్చి మళ్లీ అదే వాడుకోవచ్చు. డిస్క్ ఇమేజ్ అంటే వండి మూత పెట్టిన గంజు, లోపల ఏముందో వండినవాడికే తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు చదువుకోండి. మన దగ్గర ల్యాబ్ చూసుకునే మనిషి ఏటా మారుతుంటాడు, కాంట్రాక్ట్ అయిపోతుంది లేదా బదిలీ అవుతుంది, వచ్చే మనిషికి పాత మనిషి ఏం చేశాడో తెలియదు. అందుకని మీ తర్వాత వచ్చేవాళ్లు తెరిచి చదివి, అర్థం చేసుకుని, మార్చుకోగలిగిన పద్ధతే సరైనది. వేగం, ఫీచర్లు రెండో లెక్క. ఈ కొలతతో చూస్తే పాత సిస్టమ్‌లు ఉన్నచోట డెబియన్ ప్రీసీడ్, కాస్త కొత్తవి ఉన్నచోట ఉబుంటు ఆటోఇన్‌స్టాల్, విద్యార్థులను సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాలకు తయారుచేసే ల్యాబ్ అయితే కిక్‌స్టార్ట్. విండోస్ కూడా పక్కనే ఉండి తీరాలంటే మాత్రమే క్లోనెజిల్లా.

ముందు సిస్టమ్‌లు చూడండి, టూల్ తర్వాత

చాలామంది యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి టూల్ ఎంచుకుంటారు, ఎక్కించబోయే సిస్టమ్‌ల వయసు చూసుకోరు. ఇక్కడే పని మొత్తం ఆగిపోతుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని దారిలో నడిచే రాకీ 9, ఆల్మా 9, ఇవి ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్ ఉంటేనే నడుస్తాయి, అంటే కోర్ 2 డ్యుయో సిస్టమ్‌లలో బూట్ కూడా కావు. రెడ్ హ్యాట్ 10 అయితే ఇంకా పైకి వెళ్లి వీ3 అడుగుతుంది, ఇంటెల్‌లో అది 2013లో వచ్చిన నాలుగో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఉంటుంది, అది కూడా ఐ3, ఐ5, ఐ7లలోనే. అదే తరం పెంటియమ్, సెలెరాన్‌లలో వీ3కి కావలసిన ఏవీఎక్స్2 సూచనలు లేవు. ఆల్మా వాళ్లు 10వ వెర్షన్‌కు వీ2 బిల్డ్ విడిగా ఇస్తున్నారు, అది ఒక ఊరట. ఏదో ఒక లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే ఫ్లాగ్స్ వరుసలో ఎస్ఎస్ఈ4_2 (వీ2కి గుర్తు) ఉందా, ఏవీఎక్స్2 (వీ3కి గుర్తు) ఉందా కనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చిన సిస్టమ్‌లైతే డబ్బా మీద ఒకటి, లోపల ఒకటి ఉండొచ్చు కాబట్టి ప్రతిదీ చూడండి.

డెబియన్, ఉబుంటులకు ఈ షరతు లేదు, 64 బిట్ ప్రాసెసర్ అయితే చాలు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారని మాత్రం గుర్తుంచుకోండి. ర్యామ్ 2 జీబీ ఉన్నవాటికి ఉబుంటు డెస్క్‌టాప్ ఆలోచనే వద్దు, డెబియన్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ ఎల్ఎక్స్‌క్యూటీ గానీ, ఈ తేలికపాటి డెస్క్‌టాప్‌లలో ఒకటి వేసుకుంటే సి ప్రోగ్రామింగ్, పైథాన్, టైపింగ్ క్లాసులకు సరిపోతుంది.

కిక్‌స్టార్ట్

జవాబుల ఫైలు పద్ధతులు మూడింటిలో అన్నిటికంటే శుభ్రంగా ఉండేది ఇదే. రెడ్ హ్యాట్ వాళ్ల ఇన్‌స్టాలర్ పేరు అనకొండ, దానికి ఇచ్చే జవాబుల ఫైలే కిక్‌స్టార్ట్. ఫెడోరా, రాకీ, ఆల్మా అన్నింటిలోనూ పనిచేస్తుంది. దీంట్లో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, మీరు ఒక సిస్టమ్‌లో చేత్తో మామూలుగా ఇన్‌స్టాల్ చేసినా సరే, మీరు ఇచ్చిన జవాబులన్నీ కిక్‌స్టార్ట్ ఫైలుగా రాసి రూట్ యూజర్ ఫోల్డర్‌లో అనకొండ-కేఎస్ అనే పేరుతో పెట్టేస్తుంది. అంటే మొదటి ఫైలు మీరు రాయక్కర్లేదు, అది రాసిపెట్టినదాన్ని తీసుకుని నాలుగు లైన్లు మార్చితే చాలు. మార్చాక తప్పులున్నాయో లేదో చూడటానికి కేఎస్‌వ్యాలిడేటర్ అనే కమాండ్ ఉంది, పైకిక్‌స్టార్ట్ ప్యాకేజీలో వస్తుంది, అక్షరదోషం ఉంటే ఏ లైనులోనో చెప్తుంది.

ఫైలు ఇవ్వడం కూడా సులువే. పెన్‌డ్రైవ్‌కు ఓఈఎం‌డీఆర్‌వీ అని పెద్దక్షరాల్లో లేబుల్ పెట్టి అందులో కేఎస్ డాట్ సీఎఫ్‌జీ పేరుతో ఫైలు వేస్తే ఇన్‌స్టాలర్ అడక్కుండానే తీసుకుంటుంది. అదీ వద్దంటే ఎంకేకేఎస్‌ఐఎస్‌ఓ అనే కమాండ్‌తో ఆ ఫైలును ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైలు) లోపలికే ఎక్కించి కొత్త ఐఎస్‌ఓ చేసుకోవచ్చు. పాత ట్యుటోరియల్స్ చూసి బూట్ లైనులో, అంటే ఇన్‌స్టాలర్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్ల వరుసలో, వట్టి కేఎస్ అని ఇస్తే 9వ వెర్షన్ పట్టించుకోదు, ముందు ఇన్‌స్ట్ డాట్ ఉండాలి.

ప్రమాదం ఒకటుంది. క్లియర్‌పార్ట్ అనే లైనులో "ఆల్" అని రాస్తే కనిపించిన ప్రతి డిస్క్‌నూ తుడిచేస్తుంది, సిస్టమ్‌కు తగిలించి మర్చిపోయిన బ్యాకప్ హార్డ్ డిస్క్‌తో సహా. ఏ డిస్క్ ముట్టుకోవాలో ఇగ్నోర్‌డిస్క్ లైనులో ఓన్లీ-యూజ్ అని స్పష్టంగా రాయండి. ఇంకొకటి, చివర్లో రీబూట్ అనే లైను లేకపోతే ఇన్‌స్టాల్ అయ్యాక మీరు వచ్చి కీ నొక్కేదాకా అలాగే నిలబడి ఉంటుంది.

హైదరాబాద్‌కు వెళ్లి సర్వర్ పని చేయాలనుకునే పిల్లలున్న ల్యాబ్ అయితే ఇది నేర్పండి. పెద్ద ఆఫీసుల్లో రెడ్ హ్యాట్ కుటుంబమే ఎక్కువ కనిపిస్తుంది, కిక్‌స్టార్ట్ తెలిసిన కుర్రాడు మొదటి రోజే పనికొస్తాడు. మామూలు బీకాం కంప్యూటర్స్ ల్యాబ్‌కు ఇది తప్పనిసరేం కాదు.

ప్రీసీడ్

డెబియన్ ఇన్‌స్టాలర్‌కు ఇచ్చే జవాబుల ఫైలు ఇది. చూడటానికి అందంగా ఉండదు, దాదాపు ప్రతి లైనూ డీ-ఐ అని మొదలై ఒక ప్రశ్న పేరు, దాని రకం, దాని జవాబు వరుసగా ఉంటాయి. ఒక్కసారి అలవాటైతే చదవడం కష్టం కాదు. డెబియన్ వాళ్లు ప్రతి వెర్షన్‌కూ ఒక నమూనా ఫైలు ఇస్తారు, వివరణలతో సహా. దాన్నే పట్టుకోండి, పాత వెర్షన్‌కు రాసినవి ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి అతికించొద్దు. డెబ్‌కాన్ఫ్-సెట్-సెలక్షన్స్ కమాండ్‌కు మైనస్ సి తగిలించి నడిపితే ఫైలు రూపం సరిగ్గా ఉందో లేదో చెప్తుంది, కానీ మీరిచ్చిన జవాబు సరైనదేనా అన్నది చెప్పదు. అది వర్చువల్ మెషీన్‌లో ఎక్కించి చూస్తేనే తెలుస్తుంది.

ప్రీసీడ్‌తో మొదట తిప్పలు పడేది భాష, కీబోర్డ్ ప్రశ్నల దగ్గర. ఫైలు నెట్‌వర్క్ మీద ఇస్తున్నారనుకోండి, నెట్‌వర్క్ రాకముందే ఇన్‌స్టాలర్ ఆ ప్రశ్నలు అడిగేస్తుంది, ఫైలులో జవాబున్నా అప్పటికి ఫైలు దాని చేతికి రాలేదు. పరిష్కారం బూట్ లైనులో ఆటో ఈక్వల్స్ ట్రూ, ప్రయారిటీ ఈక్వల్స్ క్రిటికల్ అని ఇవ్వడం, అప్పుడు ఆ ప్రశ్నలను ఫైలు దొరికేదాకా వెనక్కి నెడుతుంది. ఇన్‌స్టాలర్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆటోమేటెడ్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే ఇవే సెట్టింగులతో మొదలై ఫైలు చిరునామా మాత్రం అడుగుతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఆ దారే.

రెండో తిప్పలు పార్టిషన్. మొత్తం డిస్క్ ఇచ్చేసి అటామిక్ రెసిపీ, అంటే అంతా ఒకే పార్టిషన్‌లో, అనుకుంటే నాలుగైదు లైన్లతో అయిపోతుంది. సొంత పార్టిషన్ లెక్కలు పెట్టుకుంటానంటే ఆ రెసిపీ భాష నిజంగా ఓపిక పరీక్షిస్తుంది. ల్యాబ్ సిస్టమ్‌లకు దాని అవసరమే లేదు. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిస్తుంటే లినక్స్ డిస్క్‌లకు పెట్టే పేర్లలో పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయి అసలు డిస్క్ ఎస్‌డీబీ కావచ్చు, సిస్టమ్‌ను బూట్ చేసే గ్రబ్ వెళ్లి పెన్‌డ్రైవ్ మీద కూర్చుంటుంది, పెన్‌డ్రైవ్ తీయగానే సిస్టమ్ బూట్ కాదు. పార్టిషన్ ఏ డిస్క్ మీద, గ్రబ్ ఏ డిస్క్ మీద అన్న రెండూ ఫైలులో పేరు పెట్టి రాయాలి.

ఇన్ని చెప్పినా పాత సిస్టమ్‌లకు నా ఓటు దీనికే. నెట్‌వర్క్ బూట్‌కు (లాన్ మీదుగా బూట్ కావడానికి) కావలసిన డెబియన్ ఇన్‌స్టాలర్ కొన్ని పదుల మెగాబైట్లే, ర్యామ్ తక్కువున్నా నడుస్తుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై, లాన్ కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ కూడా అధికారిక ఐఎస్‌ఓలోనే ఉంటోంది, అంతకుముందు దానికోసం వేరే ఐఎస్‌ఓ వెతుక్కోవాల్సి వచ్చేది.

ఉబుంటు ఆటోఇన్‌స్టాల్

ఉబుంటు కూడా ఒకప్పుడు ప్రీసీడే వాడేది. 20.04 సర్వర్ నుంచి సబిక్విటీ అనే కొత్త ఇన్‌స్టాలర్‌తో జవాబుల ఫైలును యామల్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చింది. 24.04 డెస్క్‌టాప్‌కు కూడా అదే వచ్చింది, ఇన్‌స్టాలర్ స్క్రీన్‌లోనే ఆటోమేటెడ్ ఇన్‌స్టాలేషన్ అని ఒక ఎంపిక ఉంటుంది, అక్కడ ఫైలు చిరునామా కొడితే మిగతాది అదే చూసుకుంటుంది. నెట్‌వర్క్ బూట్ అంటే భయపడేవాళ్లకు ఇంతకంటే సులువైన మొదటి మెట్టు లేదు: సార్ ల్యాప్‌టాప్‌లో ఫైలున్న ఫోల్డర్‌లో పైథాన్ చిన్న వెబ్ సర్వర్ ఒక్క కమాండ్‌తో నడిపి, ఒక్కో సిస్టమ్ దగ్గర ఆ ల్యాప్‌టాప్ ఐపీ కొట్టుకుంటూ పోవడమే.

యామల్ చదవడానికి చాలా హాయిగా ఉంటుంది. రాయడానికి మాత్రం ఖాళీల విషయంలో మొండిది. ట్యాబ్ కొడితే ఒప్పుకోదు, ఒక స్పేస్ అటూ ఇటూ అయితే అర్థం మారిపోతుంది. ఇక్కడ కూడా ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లో ఇన్‌స్టాలర్ లాగ్ ఫోల్డర్‌లో ఆటోఇన్‌స్టాల్-యూజర్-డేటా అని జవాబుల ఫైలు దొరుకుతుంది, మీ పని అక్కడినుంచి మొదలుపెట్టండి.

కొత్తవాళ్లను బాగా తికమక పెట్టేది క్లౌడ్-ఇనిట్‌తో, అంటే మొదటి బూట్‌లో సిస్టమ్‌ను సెట్ చేసే సర్వీస్‌తో, దీని చుట్టరికం. సర్వర్ ఇన్‌స్టాలర్‌కు ఫైలును తెచ్చిచ్చేది క్లౌడ్-ఇనిట్, అందుకని ఫైలు పేరు యూజర్-డేటా, మొదటి లైనులో హ్యాష్ గుర్తుతో క్లౌడ్-కాన్ఫిగ్ ఉండి తీరాలి, పక్కన మెటా-డేటా అనే ఫైలు ఖాళీదైనా సరే ఉండాలి. మళ్లీ ఆటోఇన్‌స్టాల్ లోపల యూజర్-డేటా అని ఇంకో భాగం ఉంటుంది, అది ఇన్‌స్టాలర్‌కు కాదు, ఎక్కించిన సిస్టమ్ మొదటిసారి బూట్ అయినప్పుడు చేయాల్సిన పనులకు. రెంటినీ కలిపేస్తే ఏదీ జరగదు, ఎర్రర్ కూడా స్పష్టంగా రాదు. బూట్ లైనులో ఇచ్చే చిరునామాలో సెమీకోలన్ ఉంటుంది, గ్రబ్ దాన్ని లైను చివర అనుకుని అక్కడితో కోసేస్తుంది, కాబట్టి కోట్స్‌లో పెట్టండి. ఆటోఇన్‌స్టాల్ అనే మాట కూడా బూట్ లైనులో ఇవ్వాలి, లేకపోతే డిస్క్ తుడిచే ముందు "కొనసాగించనా" అని అడిగి ఆగుతుంది. నిజానికి మొదటిసారి చేసేటప్పుడు ఆ ప్రశ్న ఉండనివ్వడమే మంచిది, తప్పు డిస్క్ తుడవకుండా కాపాడేది అదొక్కటే.

డిస్క్ విషయం ఇంకొంచెం చెప్పాలి. స్టోరేజ్ లేఅవుట్ ఎల్‌వీఎం (డిస్క్ జాగాను తర్వాత పెంచుకునేలా పంచే పద్ధతి) అని ఇచ్చి వదిలేస్తే, 200 జీబీ దాటిన డిస్క్‌లో రూట్‌కు 100 జీబీ మాత్రమే ఇచ్చి మిగతాది ఖాళీగా ఉంచుతుంది. ఆర్నెల్లకు డిస్క్ నిండిపోయిందని గోల మొదలవుతుంది, చూస్తే 500 జీబీ డిస్క్‌లో 400 దాకా ఎవరూ వాడకుండా పడి ఉంటుంది. సైజింగ్-పాలసీ ఆల్ అని ఒక లైను రాయండి, లేదా ఎల్‌వీఎం వద్దని డైరెక్ట్ అని ఇవ్వండి.

దీనికి అసలు ఇబ్బంది నెట్‌వర్క్ బూట్‌లో. 2 జీబీ దాటిన ఐఎస్‌ఓ మొత్తం ర్యామ్‌లోకి దిగాలి, 4 జీబీ సిస్టమ్‌లలో మధ్యలో చతికిలపడుతుంది. 8 జీబీ ఉన్నచోటే ఆ దారి పట్టండి, లేదంటే పెన్‌డ్రైవ్.

క్లోనెజిల్లా గురించి

తైవాన్‌లోని జాతీయ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం, ఎన్‌సీహెచ్‌సీ వాళ్లు తయారుచేసిన మంచి టూల్ ఇది. డిస్క్‌లో వాడిన భాగాన్నే కాపీ చేస్తుంది, మల్టీకాస్ట్‌లో అయితే ఒకే ఇమేజ్‌ను ల్యాబ్ మొత్తానికి ఒకేసారి పంపుతుంది. ముప్పై సిస్టమ్‌లూ ఒకే బ్యాచ్‌లో కొన్నవైతే, టాలీ కోసమో ఇంకేదైనా సాఫ్ట్‌వేర్ కోసమో విండోస్ కూడా డ్యూయల్ బూట్‌లో ఉండాలంటే, దీన్ని మించింది లేదు. జవాబుల ఫైలుతో డ్యూయల్ బూట్ చేయొచ్చు కానీ ఒక్క లైను తేడా వస్తే విండోస్ పోతుంది, ఆ టెన్షన్ పడటం కంటే ఇది నయం.

కానీ ఇబ్బందులు తెలుసుకుని దిగండి. కాపీ తీసిన డిస్క్ కంటే దించే డిస్క్ చిన్నదైతే మామూలు సెట్టింగులతో ఒప్పుకోదు. మల్టీకాస్ట్‌లో అందరికీ ఒకే వేగం, ల్యాబ్‌లో ఒక్క పాత 100 ఎంబీపీఎస్ లాన్ కార్డు ఉన్నా మిగతా గిగాబిట్ సిస్టమ్‌లన్నీ దానికోసం నెమ్మదిస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైంది, ముప్పైకీ ఒకటే హోస్ట్‌నేమ్, ఒకటే మెషీన్-ఐడీ (సిస్టమ్‌ను గుర్తించే నంబర్), ఒకటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే ఏర్పాటు) కీలు వచ్చేస్తాయి. ఉబుంటు సర్వర్‌లో ఐపీ అడిగేది మెషీన్-ఐడీ ఆధారంగా కాబట్టి రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ వచ్చి నెట్ ఒకసారి ఉంటుంది, ఒకసారి పోతుంది. లాన్ వైరు తప్పేమో అని రోజంతా క్రింపింగ్ చేస్తూ కూర్చుంటారు. ఇమేజ్ తీసే ముందు మెషీన్-ఐడీ ఫైలు ఖాళీ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి, కొత్త కీలు మొదటి బూట్‌లో తయారయ్యే ఏర్పాటు చేసి, అప్పుడు కాపీ తీయండి.

మిగతావి

ఆర్చ్‌ఇన్‌స్టాల్ 2021 ఏప్రిల్ నుంచి ఆర్చ్ ఐఎస్‌ఓలోనే వస్తోంది, జేసన్ ఫైలు ఇస్తే దాని ప్రకారం ఎక్కిస్తుంది. మీ సొంత ల్యాప్‌టాప్‌కు బాగుంటుంది, ల్యాబ్‌కు వద్దు. ఆర్చ్‌లో అప్‌డేట్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, ఆ జేసన్ రూపం కూడా వెర్షన్ వెర్షన్‌కు మారుతుంటుంది. ఓపెన్‌సూసెలో ఆటోయాస్ట్ ఉండేది, ఎక్స్‌ఎంఎల్ ఫైలు. లీప్ 16 నుంచి ఇన్‌స్టాలరే మారి అగామా వచ్చింది, కాబట్టి ఇప్పుడు కొత్తగా ఆటోయాస్ట్ నేర్చుకోవడం దండగ. ఎఫ్‌ఏఐ 1999 నుంచి ఉన్న గట్టి టూల్, కొలోన్ యూనివర్సిటీలో పుట్టింది, రకరకాల సిస్టమ్‌లను తరగతులుగా విడదీసి నడపగలదు, కానీ నేర్చుకోవడానికి పట్టే సమయం ఒక్క ల్యాబ్ కోసం గిట్టుబాటు కాదు. కాబ్లర్, ఫోర్‌మన్ వందల సర్వర్లున్న ఆఫీసులకు. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసుకు ఆరు సిస్టమ్‌లు పెట్టేవాళ్లు వీటి జోలికి పోనక్కర్లేదు.

ఫైలు సిస్టమ్ దాకా ఎలా చేరాలి

టూల్ ఎంపిక సగమే. ల్యాబ్‌లో లాన్ ఎలా ఉంది, నెట్ ఎలా ఉంది అన్నదే మిగతా సగం, పని ఎన్ని గంటల్లో అయిపోతుందో తేల్చేది అదే.

లాన్ లేదు లేదా నమ్మకం లేదంటే వెంటాయ్ పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఒకే పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు ఐఎస్‌ఓలు కాపీ చేసి పెట్టుకోవచ్చు, దాని ఆటో ఇన్‌స్టాల్ ప్లగిన్‌లో ఏ ఐఎస్‌ఓకు ఏ జవాబుల ఫైలో రాసిపెడితే బూట్ చేసినప్పుడు అదే జత చేస్తుంది. కిక్‌స్టార్ట్, ప్రీసీడ్, ఆటోఇన్‌స్టాల్ మూడింటినీ పట్టుకుంటుంది. అచ్చంపేట, దేవరకొండ లాంటి చోట్ల స్కూళ్లకు వెళ్లి నాలుగైదు సిస్టమ్‌లు చేసి వచ్చే పనికి ఇదే మేలు, రెండు మూడు పెన్‌డ్రైవ్‌లు చేసుకుపోతే ఒకేసారి అన్నీ నడుస్తాయి.

ఇరవై దాటితే పీఎక్స్‌ఈ నేర్చుకోండి, అంటే సిస్టమ్ లాన్ కార్డు నుంచే బూట్ కావడం. ఒక సిస్టమ్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ వేసి ప్రాక్సీ డీహెచ్‌సీపీ పద్ధతిలో (ఐపీలు రౌటరే ఇస్తుంది, బూట్ వివరాలు మాత్రం ఇది ఇస్తుంది) నడిపితే ఉన్న రౌటర్‌ను ముట్టుకోకుండా పనవుతుంది. కాలేజీ నెట్ చూసుకునే మనిషితో గొడవ రాదు. జాగ్రత్త ఒకటే: బయాస్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉండి, పీఎక్స్‌ఈ మెనూలో డిఫాల్ట్‌గా ఆటో ఇన్‌స్టాల్ పెడితే, పొద్దున కరెంటు పోయి వచ్చి సిస్టమ్‌లు రీస్టార్ట్ అయినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి ఫార్మాట్ కొట్టుకుంటాయి, పిల్లలు రాసిన ప్రోగ్రామ్‌లన్నీ పోతాయి. డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కే ఉండాలి, ఇన్‌స్టాల్ అనేది మనిషి వచ్చి ఎంచుకుంటేనే జరగాలి.

నెట్ నెమ్మదిగా ఉన్నచోట అదే ప్యాకేజీలు ముప్పై సార్లు దించుకుంటే పని రాత్రికి కూడా తెమలదు. డెబియన్, ఉబుంటులకు ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అని ఒక చిన్న సర్వీస్ ఉంది, ఒక సిస్టమ్‌లో వేసి జవాబుల ఫైలులో ప్రాక్సీగా దాని ఐపీ, పోర్ట్ 3142 ఇస్తే, మొదటి సిస్టమ్ దించుకున్నది దాచిపెట్టి మిగతావాటికి లాన్ మీదే ఇస్తుంది. తేడా కళ్లకు కనిపిస్తుంది. రాకీ, ఆల్మాలకైతే పూర్తి డీవీడీ ఐఎస్‌ఓను వెబ్ సర్వర్‌లో విప్పిపెట్టి కిక్‌స్టార్ట్‌లో ఆ చిరునామా ఇవ్వండి, బయటి నెట్ అసలు అక్కర్లేదు.

పాస్‌వర్డ్ మాత్రం ఫైలులో నేరుగా రాయొద్దు. వెబ్ సర్వర్‌లో పెట్టిన ఫైలు ల్యాబ్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు, పిల్లలు తప్పకుండా చూస్తారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు మైనస్ 6 ఇస్తే హ్యాష్, అంటే పాస్‌వర్డ్‌ను దాచిన రూపం, వస్తుంది, మూడు పద్ధతులూ దాన్ని ఒప్పుకుంటాయి.

వర్చువల్ మెషీన్‌లో పరీక్షించి అంతా బాగుందని అసలు సిస్టమ్ మీదకు వెళ్లేటప్పుడు డిస్క్ పేరు మార్చడం గుర్తుంచుకోవాలి, అక్కడ వీడీఏ ఉండొచ్చు, ఇక్కడ ఎస్‌డీఏ, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకో పేరు. ఉబుంటులో డిస్క్ పేరుకు బదులు సైజును బట్టో, ఎస్‌ఎస్‌డీ అవునా కాదా అన్నదాన్ని బట్టో ఎంచుకోమని చెప్పొచ్చు, రకరకాల సిస్టమ్‌లున్న ల్యాబ్‌కు అది పెద్ద వరం.

ఫైలులో ఎంత రాయాలి

తక్కువ రాయండి. డిస్క్, యూజర్, టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా, ఎస్‌ఎస్‌హెచ్, ఇంతవరకు ఇన్‌స్టాలర్ పని. జీసీసీ, పైథాన్, జావా, డేటాబేస్, ప్రింటర్, వాల్‌పేపర్ ఇవన్నీ జవాబుల ఫైలు చివర్లో నడిచే స్క్రిప్ట్‌లో కుక్కితే, మధ్యలో ఒకటి విఫలమైనప్పుడు మొత్తం ఇన్‌స్టాల్ మళ్లీ చేయాల్సి వస్తుంది. సిస్టమ్ పైకి లేచాక, చాలా సిస్టమ్‌లను ఒకేసారి సెట్ చేసే అన్సిబుల్‌తో గానీ మామూలు షెల్ స్క్రిప్ట్‌తో గానీ ఎస్‌ఎస్‌హెచ్ మీద అవి వేయండి, తప్పొస్తే ఆ ఒక్కటే మళ్లీ నడుపుకోవచ్చు.

ఒక్క మినహాయింపు, తెలుగు. ఫాంట్లు, టైపింగ్ మొదటి రోజు నుంచే ఉండాలి, లేకపోతే ఎవరూ తర్వాత గుర్తుపెట్టుకుని వేయరు. డెబియన్, ఉబుంటులలో ఫాంట్స్-టెలు, ఐబస్-ఎం17ఎన్ అనే రెండు ప్యాకేజీలు జాబితాలో చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు అన్నీ వస్తాయి, ఆర్‌టీఎస్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది కాబట్టి పిల్లలు తొందరగా పట్టుకుంటారు. జవాబుల ఫైలు లోపల కామెంట్లు కూడా తెలుగులోనే రాసుకోవచ్చు, యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు: ఈ లైను ఎందుకు పెట్టాం, ఈ డిస్క్ పేరు ఏ సిస్టమ్‌లకు, కొత్త సిస్టమ్‌లొస్తే ఏది మార్చాలి. ఫైలును గిట్‌లో ఒకటి, ల్యాబ్ బీరువాలో ఉంచే పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ప్రింట్ తీసి స్టాక్ రిజిస్టర్‌లో ఒకటి ఉంచండి.